శ్రీమతి & శ్రీ ………… గారికి: టీకా తాత్పర్య సహితం

మాఘమాసం వచ్చిందంటే తెలుగిళ్ళలో టీపాయి మీద శుభలేఖలు పేరుకుంటాయి. మూలలకు పసుపు రాసిన ఆ కవర్లలో లోపలున్నదంతా అందరూ చదువుతారు: ముహూర్తం, మండపం, విందు వేళ. పైనున్న ఒక్క పంక్తినీ ఎవరూ చదవరు. లెక్కలేనన్నిసార్లు అచ్చయి, అన్నిసార్లూ చేతిరాతతో నిండి, ఇంతవరకూ ఒక వ్యాఖ్యానానికి నోచుకోని పంక్తి అది. మెదక్ సీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాశాడు గానీ పెళ్ళి కవరు ఆయన చేతికి అందలేదు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు మొదటి ఒట్టుకు కట్టుబడతాడు. రెండోదానికి హామీ లేదు. మూలంలోనే సగం ఖాళీగా ఉంటే ఏది అక్కరో ఏది కాదో తేల్చడం కష్టం. శాస్త్రమర్యాద ప్రకారం ముందుగా నాలుగు సంగతులు చెప్పాలి. విషయం: భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైనప్పుడు కవరు మీద ఏం రాయాలన్నది. ప్రయోజనం: కవరు ఇద్దరి చేతుల్లోనూ పడటం. అధికారి: లిస్టు ముందేసుకుని, పెన్ను మూత తీసి, ‘వాళ్ళావిడ పేరేమిటే?’ అని వంటింట్లోకి కేకేసేవాడు. సంబంధం: బంధుత్వమే.

ఇక మూలం. ‘శ్రీమతి & శ్రీ ………… గారికి.’ ఇందులో పదాలు మూడు, గుర్తు ఒకటి, తక్కినవి చుక్కలు. శ్రీ కలది శ్రీమతి. శ్రీ శబ్దానికి మతుప్ ప్రత్యయం చేరి, దానిమీద స్త్రీవాచకమైన ఈకారం వచ్చింది. శ్రీ అంటే లక్ష్మి, సంపద, శోభ. అంతవరకూ బాగానే ఉంది. మగవాడి దగ్గరికొచ్చేసరికి మతుప్పు ఎగిరిపోతుంది. ‘శ్రీమాన్’ అనాల్సిన చోట ఉత్త ‘శ్రీ’తో సరిపెడతాం. ఆ శబ్దమా, స్త్రీలింగం! అంటే కవరు మీద ఆవిడ సంపద కలది, ఆయన ఆ సంపద. దీన్ని పట్టుకుని కొందరు ‘పక్కనున్న శ్రీ తనకు కలదు కనుకనే ఆవిడ శ్రీమతి’ అని అర్థం లాగుతారు. వ్యుత్పత్తి చూస్తే ఇది తప్పు, వాడుక చూస్తే నిజం. పాత జాబులూ దస్తావేజులూ సాక్ష్యం. భర్త ఉన్నావిడను మహాలక్ష్మీ సమానురాలన్నారు. అదే మనిషిని, భర్త పోయాక, గంగాభాగీరథీ సమానురాలన్నారు. లక్ష్మి నుంచి గంగకు బదిలీ. మహారాజరాజశ్రీ అనిపించుకున్న మగవాడికి భార్య పోయినా ఒక్క అక్షరం మారలేదు. సంచీ మోసుకొచ్చే పోస్టుమాన్‌కు ఆవిడ బొట్టు సంగతి ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషువాళ్ళు ఇదే చిక్కులో మిస్సుకూ మిసెస్‌కూ మధ్య చాలాకాలం నలిగి, ‘మిజ్’ అనే మూడో మాట తెచ్చుకున్నారు. 1972లో అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం దాన్ని ఒప్పుకుంది. ఆ పని మనకు ‘గారు’ ఏనాడో చేసిపెట్టింది. గారుకు లింగం లేదు, పెళ్ళి లేదు, వైధవ్యం లేదు. పేరు పక్కన నిలబడితే చాలు, మర్యాద పూర్తవుతుంది.

అంత మంచి మాటను మన కవరు ఏం చేసిందో చూడాలి. ‘గారికి’ అంది. మొదట పిలిచింది ఇద్దరిని, విభక్తి పెట్టింది ఒకరికి. ఇద్దరైతే ‘గార్లకు’ అనాలి. ‘అయ్యా, గారు అన్నదే గౌరవ బహువచనం, అందులో ఇద్దరూ ఇమిడిపోరా?’ అని పూర్వపక్షం. ఇమడరు. అదే కవరు చించి లోపలి కార్డు చూడండి. పిల్లవాడి తల్లిదండ్రుల దగ్గర, పిల్ల తల్లిదండ్రుల దగ్గర ‘గార్ల ద్వితీయ పుత్రుడు’, ‘గార్ల ఏకైక పుత్రిక’ అని శుభ్రంగా ఉంటుంది. లేదా ‘దంపతుల’ అని ఉంటుంది. ప్రెస్సతనికి వ్యాకరణం తెలుసు. పిలిచేవాళ్ళు ఇద్దరని లోపల ఒప్పుకుని, పిలవబడేవాడు ఒక్కడేనని పైన అచ్చువేశాడు. చుక్కల్లో ఒక పేరుకే చోటుందని ఈ ఒక్క ఇకారం చెబుతోంది. ఆ పేరు ఎవరిదో లోకానికి తెలుసు.

ఇప్పుడు ‘&’. ఇది అక్షరమూ కాదు, అంకె కూడా కాదు. లాటిన్‌లో ‘మరియు’ అనే అర్థమున్న ‘ఎత్’ అనే మాటలోని రెండక్షరాలు ఒకదాన్నొకటి పెనవేసుకోగా మిగిలిన ముడి ఇది. రెండు అస్తిత్వాలు కలిసి గుర్తుపట్టలేని ఒక్క రూపమయ్యాయి కాబట్టి దంపతుల మధ్య నిలబెట్టడానికి తగినదే అని రసికులు మురుస్తారు. వ్యాకరణం అంత తొందరగా మురిసిపోదు. సంస్కృత ‘చ’కారానికి నాలుగు అర్థాలు చెబుతుంది: సముచ్చయం, అన్వాచయం, ఇతరేతరయోగం, సమాహారం. మొదటిది ఇక్కడ పనికిరాదు, వదిలేద్దాం. అన్వాచయమంటే ఒకటి ముఖ్యం, రెండోది పనిలోపని. పాఠశాలల్లో చెప్పే ఉదాహరణ ఇది: భిక్షకు వెళ్ళు, దారిలో ఆవు కనిపిస్తే తోలుకురా. వెళ్ళింది భిక్ష కోసం. ఆవు కనబడకపోతే పోయేదేమీ లేదు. ‘శ్రీ తాటిపర్తి దేవదత్తరావు & ఫ్యామిలీ’ అనే పాఠాంతరం ఒకటి ప్రచారంలో ఉంది. ఆ ‘&’ అచ్చంగా అన్వాచయం. దేవదత్తరావు రావాలి, దారిలో భార్య కనిపిస్తే తోలుకురావాలి. సమాహారమైతే అంతకన్నా ఘోరం. అందులో విడివిడి మనుషులు కరిగిపోయి ఒక్క నపుంసక ఏకవచనం మిగులుతుంది. ఫ్యామిలీ అనే మాట చూడండి, అక్షరాలా అదే. ‘మా ఫ్యామిలీ పుట్టింటికెళ్ళింది’ అంటే ఎవరు వెళ్ళారో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా? ఇక మిగిలింది ఇతరేతరయోగం. కలిసినా ఇద్దరూ ఇద్దరుగానే ఉంటారు, లెక్కకు ఇద్దరుగానే వస్తారు, క్రియ బహువచనంలో నడుస్తుంది. పెళ్ళనే సమాసానికి ఇంతకన్నా మంచి విగ్రహవాక్యం ఈ టీకాకారుడికి దొరకలేదు.

దీని మీద వైయాకరణులే ఒక పెద్ద ఆక్షేపణ తెస్తారు. పాణిని ఏకశేషమని ఒకటి చెప్పాడు కదా అంటారు. నిజమే, అష్టాధ్యాయి మొదటి అధ్యాయం రెండో పాదంలో ఉంది. తల్లినీ తండ్రినీ కలిపి చెప్పాల్సివస్తే తండ్రి శబ్దమొక్కటే మిగిలి, ద్వివచనంలో నిలబడి, ఇద్దరినీ తెలుపుతుంది. అత్తా మామలకూ అంతే, మామ మిగులుతాడు. దీని ఇంగ్లీషు అనుష్ఠానమే ‘మిస్టర్ అండ్ మిసెస్ జాన్ స్మిత్’. స్త్రీ ఇంటిపేరే కాదు, సొంత పేరు కూడా లోపించి, ‘మిసెస్’ అనే నీడ మాత్రం మిగిలింది. మన చుక్కలు అక్కణ్ణుంచి దిగుమతైనవే. సమాధానం వినండి. పాణిని ఏకశేషాన్ని వికల్పంగా చెప్పాడు. కావాలంటే మాతాపితలని రెండు మాటలూ వాడుకోవచ్చు. పైగా ఆయన శబ్దాన్ని లోపింపజేశాడే గాని సంఖ్యను కాదు, ద్వివచనం ఉండి తీరాలన్నాడు. మన ‘గారికి’లో అదీ పోయింది. అంతకన్నా ముఖ్యం, తెలుగు ఈ ఏకశేషం జోలికి పోలేదు. మనం తల్లిదండ్రులంటాం, అత్తమామలంటాం, ఆలుమగలంటాం. ఎవరూ లోపించరు, ఆడమాటే ముందుంటుంది. అమరకోశం దంపతులకు నాలుగు మాటలిస్తే వాటిలో జాయాపతి, భార్యాపతి అన్నవి బాహాటంగా భార్యతో మొదలవుతాయి. దంపతి, జంపతి అన్న రెండింట్లో కూడా ముందున్న దం, జం అన్నవి జాయా శబ్దానికి ఆదేశాలేనని వైయాకరణుల మాట. సీతారాములు, గౌరీశంకరులు, లక్ష్మీనారాయణులు సరేసరి. మొగుడూపెళ్ళాలన్న మాటొక్కటి ఎదురు తిరుగుతుంది గానీ, అది తగవులొచ్చినప్పుడు వాడే మాట. దేవుళ్ళ పేర్లలో భార్యను ముందు పెట్టి, కవరు మీద పేరే లేకుండా చేసిన జాతి మరొకటి ఉంటుందా అని సందేహం.

ఇంతవరకూ పేరు సంగతి. ఈ టీక అసలు బయల్దేరింది ఇంటిపేరు కోసం. దేవదత్తరావు తాటిపర్తివారు. ఆయన భార్య అనసూయ పెళ్ళికి ముందూ తర్వాతా వేములపల్లివారే. పదో తరగతి సర్టిఫికెట్లో వేములపల్లి, ఉద్యోగపు సర్వీసు రిజిస్టరులో వేములపల్లి, బ్యాంకు పాసుబుక్కులో వేములపల్లి. శుభలేఖ మీద మాత్రం తాటిపర్తి. మన దేశంలో పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేదీ లేదు, మార్చుకోకపోతే ఏదో లోటనే నమ్మకం మాత్రం ఉంది. ‘ఒకే ఇంట్లో రెండు ఇంటిపేర్లేమిటి? ఇంటిపేరంటేనే ఇంటి పేరు కదా?’ అన్నది లోకుల ప్రశ్న. బలమైన ప్రశ్న. జవాబు ఆ సమాసంలోనే ఉంది. ఇంటి పేరే, కాదనం. ఏ ఇంటి పేరు అని అడగాలి. ఇప్పుడుంటున్న అపార్ట్‌మెంటు పేరా? కాదు. ఏ తరంలోనో ఎవరో వదిలి వచ్చిన ఊరి పేరు. మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లే మెండు. పల్లి, పాడు, పర్తి, కొండ, ఊరు అన్న తోకలు వినబడుతూనే ఉంటాయి. ఆ ఊరు ఇంటిపేరయ్యేటప్పుడు ఎలా మారుతుందో గమనించండి. కొండవీడు ఇంటిపేరైతే కొండవీటి. నందమూరు నందమూరి. ఏలూరు ఏలూరి. ఇవి ఔపవిభక్తికాలు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వీటికి సూత్రాలు చెప్పాడు. ‘ఏటి ఒడ్డు’, ‘ఇంటి కప్పు’, ‘ఊరి చెరువు’ అన్నప్పుడు వచ్చే రూపమే ఇది. అంటే ఇంటిపేరు ప్రథమా విభక్తిలో లేదు, సంబంధాన్ని తెలిపే షష్ఠిలో ఉంది. అది ‘ఎవరు’ అన్నదానికి జవాబు కాదు, ‘ఎక్కడివారు’ అన్నదానికి జవాబు. కవరు భాషలో చెప్పాలంటే ఇంటిపేరు పాత చిరునామా.

ఈ సంగతి తెలిశాక చిక్కు దానంతటదే విడిపోతుంది. కవరు మీద పైన ఉండేది ఎక్కణ్ణుంచి వచ్చారన్నది, కింద ఉండేది ఇప్పుడెక్కడ ఉన్నారన్నది. బయల్దేరిన ఊళ్ళు రెండయినంత మాత్రాన చేరిన ఇల్లు ఒకటి కాకుండా పోదు. రెండు ఊళ్ళ నుంచి వచ్చిన ప్రయాణికులు ఒకే రైలుపెట్టెలో ఉన్నారంటే టికెట్ కలెక్టరు కంగారు పడడు. ఒకరి టికెట్ మీద రెండోవాళ్ళ ఊరు ఉంటేనే కంగారు పడతాడు. పైగా ఇప్పుడున్న ఊరు చెప్పడానికి మనకు పిన్‌కోడుంది. 1972 ఆగస్టు 15న అది అమల్లోకి వచ్చింది. మొదటి అంకె ప్రాంతం, రెండోది ఉపప్రాంతం, మూడోది జిల్లా, చివరి మూడూ పంపిణీ చేసే పోస్టాఫీసు. తెలంగాణ 50తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్ 51, 52, 53లతో. ఈ పద్ధతిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ సంస్కృత కవి, నాటకకర్త. సూత్రమంటే అల్పాక్షరం, అసందిగ్ధం కావాలన్న లక్షణం ఆయనకు తెలియకపోదు. ఆరంకెల్లో దేశాన్ని సర్దేశాడు. అంత చక్కని సూత్రం కింద ఉండగా, అదే పని పైన ఇంటిపేరు చేత చేయించాలనుకోవడం పునరుక్తి దోషం.

‘అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళు కావు కదా?’ అని ఇంకో ఆక్షేపణ. కావు. వృత్తులున్నాయి, బిరుదులున్నాయి, వస్తువులున్నాయి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు ఆమె దేశ్‌ముఖ్ కారు. చింతామన్ దేశ్‌ముఖ్‌తో పెళ్ళి 1953లో జరిగింది. దేశ్‌ముఖ్ ఊరు కాదు, ఒకనాటి పదవి. ఈ ఆక్షేపణ సిద్ధాంతాన్ని చెడగొట్టదు సరికదా గట్టిపరుస్తుంది. మామగారి పూర్వుల ఊరును కోడలు మోయడంలో కనీసం భూగోళం ఉంది. వాళ్ళ పూర్వుడి ఉద్యోగాన్ని మోయడంలో ఏముంది? పైగా అంతకు 16 ఏళ్ళ ముందు మొదలైన సభను కూడా ఇప్పుడు అందరం దుర్గాబాయి దేశ్‌ముఖ్ పెట్టిన సభ అనే అంటాం, భూతకాలానికి కూడా ఇంటిపేరు మార్చేస్తాం. మరో జంటను చూడండి, వీళ్ళు అక్కాతమ్ముళ్ళు: బండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావు. ఒక తల్లి పిల్లలు. ఇంటిపేర్లు రెండు. వీళ్ళిద్దరూ తోబుట్టువులేనా అని ఎవరికీ అనుమానం రాలేదు. రక్తం పంచుకున్నవాళ్ళకు రెండు ఇంటిపేర్లుంటే సహజం, కాపురం పంచుకున్నవాళ్ళకుంటే అసహజమా? ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరులో ‘ఎం’ మదురై, ‘ఎస్’ తల్లి షణ్ముఖవడివు. భర్త సదాశివం ఆ రెండక్షరాల్లో ఎక్కడా లేరు, వాళ్ళ ఉత్తరాలు ఎక్కడికీ తప్పిపోయినట్టు లేదు. రచయిత్రి ఓల్గాకు అచ్చులో ఇంటిపేరే లేదు, ఉన్నది నది పేరు. భర్త అక్కినేని కుటుంబరావు. వెనక్కి వెళ్తానంటే శాతవాహనుల దాకా వెళ్ళొచ్చు. తండ్రి గౌతమీపుత్ర శాతకర్ణి, కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావి. పెళ్ళయి, మహారాణులై, మహారాజుల తల్లులయ్యాక కూడా వాళ్ళు గౌతమిగా, వాసిష్ఠిగానే ఉన్నారు. ఇది కవరు మీద కాదు, నాసిక్ గుహల్లో రాతి మీద చెక్కి ఉంది.

ఇప్పుడు ధర్మశాస్త్రజ్ఞులు లేస్తారు. ‘పెళ్ళితో గోత్రమే మారిపోతుంటే ఇంటిపేరు నిలుస్తుందా?’ గోత్రం మారేది సంకల్పం కోసం, శ్రాద్ధం కోసం. మరి సంకల్పంలో ఏం చెబుతారో గుడికెళ్ళి వినండి. గోత్రం అడుగుతారు, ఆయన పేరు అడుగుతారు, ఆవిడ పేరు అడుగుతారు. ఇంటిపేరు ఏ పూజారీ అడగడు. దేవుడికి అక్కర్లేని వివరం వధువు మేనమామ కవరుకు ఎందుకు కావాలి? సౌలభ్యవాదులు మరో మూల నుంచి లేచి ‘రెండు పేర్లు, రెండు ఇంటిపేర్లు రాయడానికి చోటేదీ?’ అంటారు. లోపల వరుడి పేరు పక్కన బి.టెక్., బ్రాకెట్లో ఎం.ఎస్., మరో బ్రాకెట్లో కంపెనీ, ఊరు, దేశం రాయడానికి చోటు దొరికింది. చోటు సమస్య కాదు. అసలు సమస్య చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సినది: ఆవిడ పేరు మనకు తెలియదు. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ చేతి కాఫీ తాగినవాళ్ళకు కూడా తెలియదు. ‘శ్రీమతి’ అన్న మాట అందుకే అంత నచ్చింది. అది గౌరవవాచకం వేషంలో ఉన్న సర్వనామం. తెలియని పేరు మీద కప్పిన పట్టుబట్ట.

పేరు తెలియకపోవడం చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్ళకు రెండు దృష్టాంతాలు. మన తొలి సార్వత్రిక ఎన్నికలకు, అంటే 1951–52కు ముందు, ఓటర్ల జాబితా తయారుచేస్తుంటే ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్ళు సొంత పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యను, ఫలానావాడి తల్లిని అన్నారు. అలాంటి పద్దులు చెల్లవని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తేల్చారు. సుమారు 28 లక్షల మంది జాబితాలోంచి పోయారు. దీనికి ప్రతిదృష్టాంతం అమెరికాలో ఉంది. లూసీ స్టోన్ 1855లో హెన్రీ బ్లాక్‌వెల్‌ను పెళ్ళాడి కూడా తన పేరు వదులుకోలేదు. 1879లో మసాచుసెట్స్ ఆడవాళ్ళకు పాఠశాల సంఘం ఎన్నికల్లో ఓటు ఇస్తే ఆవిడ నమోదు చేయించుకోబోయింది. భర్త ఇంటిపేరుతో అయితేనే అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు, ఓటూ రాలేదు. అక్కడ భర్త పేరు వద్దన్నందుకు ఓటు పోయింది, ఇక్కడ భర్త పేరే చాలనుకున్నందుకు పోయింది. జపాన్‌లో ఈ గొడవే లేదు, అక్కడి పౌరస్మృతి 750వ నిబంధన దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలంటుంది. 2015లో, 2021లో వాళ్ళ సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కవరు రాసేవాడికి సుఖమే. కెనడాలోని క్యూబెక్‌లో 1981 నుంచి పెళ్ళయినా ఎవరి పేరు వారిదే. అక్కడా ఉత్తరాలు చేరుతూనే ఉన్నాయి.

విదేశీ తెలుగువాళ్ళ కవర్లకు విడిగా ఒక ఉపవ్యాఖ్య కావాలి. మన పేరులో ఇంటిపేరు ముందు, పాశ్చాత్యుల పేరులో వెనక. పాస్‌పోర్టు దరఖాస్తులో ‘సర్‌నేమ్’ గడి కనబడగానే ఒకరు ఇంటిపేరు రాస్తారు, మరొకరు రావు అని రాస్తారు, ఇంకొకరు ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా వదిలినవారి పేరంతా అమెరికా వీసాలో ఇంటిపేరు గడిలోకి జరిగి, సొంత పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యు’ అని పడుతుంది. అసలు పేరు తెలియదని దానర్థం. ఆ తర్వాత ఆవిడకొచ్చే ఉత్తరాలన్నీ ‘డియర్ ఎఫ్ఎన్‌యు’ అని పలకరిస్తాయి. మన చుక్కల గీతకు ఇదే అమెరికా అనువాదం. భార్య ఇంటిపేరు భర్త సొంత పేరవుతుంది, పిల్లవాడి ఇంటిపేరు తాతగారి మధ్యపేరవుతుంది. ఒకే ఇంటి పోస్టుడబ్బాలో మూడు ఇంటిపేర్లు పడతాయి, వాటిలో అసలు ఇంటిపేరు ఒక్కటీ ఉండకపోవచ్చు. అలాంటి ఇంటికి ‘మిస్టర్ అండ్ మిసెస్ రావు’ అని చెక్కు రాస్తే బ్యాంకులో ఆవిడ ఆ మిసెస్ రావు తానేనని నిరూపించుకోవాలి. పేరు పూర్తిగా రాయడం మర్యాద కోసమే అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. మన దేశపు చట్టం కూడా అదే అంటుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే లెక్క కావాలంటే ముందు చిరునామా సరిగ్గా రాసి ఉండాలి. నోటీసుకు ఉన్న ఆ పాటి యోగ్యత పెళ్ళిపిలుపుకు లేదా?

ఎవరి పేరు ముందన్న చివరి సందేహానికి కూడా శాస్త్రంలోనే దారుంది. ద్వంద్వంలో అచ్చులు తక్కువున్న మాట ముందు రావాలని పాణిని, ఎక్కువ గౌరవించదగ్గది ముందు రావాలని కాత్యాయనుడు. అచ్చులు లెక్కపెట్టుకోవడం కష్టమనుకుంటే మీకు ఎవరు ఎక్కువ దగ్గరో వాళ్ళ పేరు ముందు రాయండి. ఇద్దరూ దగ్గరైతే ఆలుమగల వరస ఎలాగూ ఉంది. అప్పుడు శోధించిన పాఠం ఇలా తేలుతుంది: ‘వేములపల్లి అనసూయ, తాటిపర్తి దేవదత్తరావు గార్లకు.’ శ్రీమతీ శ్రీ ఉంటే అభ్యంతరం లేదు, లేకపోయినా లోటు లేదు. ‘గార్లు’ చాలు. తాత్పర్యం: రెండు ఊళ్ళ నుంచి వచ్చి ఒక ఇంట్లో ఉంటున్న ఇద్దరికి. ప్రెస్సులవారికి ఒక్క మనవి. ఈ శ్రావణమాసం కవర్లు కంపోజు చేసేటప్పుడు ఆ చుక్కల గీత కింద ఇంకో చుక్కల గీత వేయండి, చివర ‘గారికి’ని ‘గార్లకు’ చేయండి. కాగితం అంతే పడుతుంది, ధర పెంచనక్కర్లేదు.